కోచ్‌ని మార్చమన్న ప్లేయరే పదేళ్ళకి స్పెయిన్ కోచ్: సోనియా బెర్ముదెజ్ కథ

[తెర మీద: ఒట్టావా, కెనడా. 2015 జూన్ 17]

మహిళల ప్రపంచకప్‌లో స్పెయిన్ ఆడటం అదే మొదటిసారి. దక్షిణ కొరియా మీద తప్పనిసరిగా గెలవాల్సిన మ్యాచ్. వెరో బొకెటె ఫస్ట్ హాఫ్‌లోనే గోల్ కొట్టింది. సెకండాఫ్‌లో స్పెయిన్ రెండు గోల్స్ ఇచ్చుకుని 2-1తో ఓడిపోయింది. అంతకుముందు కోస్టారికాతో 1-1 డ్రా, బ్రెజిల్ చేతిలో 1-0 ఓటమి. మూడు మ్యాచ్‌లకి ఒకే ఒక్క పాయింటు, గ్రూపులో అట్టడుగు స్థానం.

ఆ ఓటమి తర్వాత జట్టులోని 23 మంది ప్లేయర్లూ కలిసి ఒక ప్రకటన ఇచ్చారు. ప్రపంచకప్‌కి మమ్మల్ని సరిగా సిద్ధం చేయలేదు, ఫ్రెండ్లీ మ్యాచ్‌లే పెట్టలేదు, అక్కడి వాతావరణానికి అలవాటు పడే టైమ్ ఇవ్వలేదు, ఎదుటి జట్ల ఆట మీద విశ్లేషణ సరిపోలేదు, ఇక మార్పు రావాలి. ఇదీ దాని సారాంశం.

వాళ్ళు మార్చమన్న కోచ్ పేరు ఇగ్నాసియో కెరెదా. 1988 నుంచి ఆ కుర్చీలో ఉన్నాడు. అంటే 27 ఏళ్ళు! జట్టులో ఉన్న జెన్ని ఎర్మోసో, అలెక్సియా పుతెయాస్ అప్పటికి పుట్టనైనా లేదు. ఒక జాతీయ జట్టుకి పాతికేళ్ళ పైన ఒకే కోచ్ ఉండటం, పెద్దగా ఫలితాలు లేకపోయినా ఎవరూ అడగకపోవడం చూస్తే, ఆ దేశంలో మహిళల ఫుట్‌బాల్‌ని అప్పట్లో ఎంత పట్టించుకునేవారో అర్థమవుతుంది. ఆ జులైలోనే కెరెదా వెళ్ళిపోయాడు.

ఆ 23 మందిలో ఒక స్ట్రైకర్ ఉంది. పేరు సోనియా బెర్ముదెజ్. కెరెదా కోచ్ అయ్యేనాటికి ఆమెకి నాలుగేళ్ళు కూడా నిండలేదు. 2015లో మిగతావాళ్ళతో కలిసి మార్పు కోరింది. సరిగ్గా పదేళ్ళకి, 2025 ఆగస్టులో, స్పెయిన్ ఫెడరేషన్ ఆ కుర్చీని ఆమెకే అప్పగించింది. ఈ వీడియోలో ఆమె ప్రయాణం చూద్దాం.

[తెర మీద: మాడ్రిడ్ మ్యాప్, వయేకాస్ పేట మీద గుర్తు]

సోనియా 1984 నవంబర్‌లో మాడ్రిడ్‌లో పుట్టింది. ఆమె పేరు మొదట గట్టిగా వినిపించింది రాయో వయేకానో క్లబ్‌లో. వయేకాస్ అనేది మాడ్రిడ్‌లో కష్టజీవులు ఎక్కువగా ఉండే పేట. అక్కడివాళ్ళకి ఆ క్లబ్ అంటే ప్రాణం. ఈరోజు మహిళల ఫుట్‌బాల్ అనగానే బార్సిలోనా పేరే చెబుతాం కానీ, 2009, 2010, 2011లో వరసగా మూడుసార్లు స్పెయిన్ లీగ్ గెలిచింది రాయోనే. ఆ జట్టుకి గోల్స్ కొట్టింది సోనియా.

2011లో బార్సిలోనాకి మారింది. అక్కడ ఆడిన నాలుగు సీజన్లలోనూ లీగ్ టైటిలే. లీగ్‌లో టాప్ స్కోరర్‌గా కూడా నిలిచింది. మధ్యలో 2014లో అమెరికా వెళ్ళి వెస్టర్న్ న్యూయార్క్ ఫ్లాష్ జట్టుకి ఆడింది. తర్వాత అట్లెటికో మాడ్రిడ్‌తో 2017, 2018లో ఇంకో రెండు లీగ్‌లు. లెక్క వేస్తే మూడు క్లబ్బులతో తొమ్మిది లీగ్ టైటిళ్ళు. చివరి రెండు సీజన్లు లెవాంటేకి ఆడి 2020లో ఆట మానేసింది.

ఇన్ని గెలిచిన ప్లేయర్ పేరు మనలో చాలామంది ఎందుకు వినలేదు? నాకు తోచే జవాబు ఒకటే. ఆమె ఆడిన కాలం అలాంటిది. బార్సిలోనా తన మహిళల జట్టుని పూర్తి ప్రొఫెషనల్‌గా మార్చింది 2015-16 సీజన్‌కి. సోనియా అక్కడి నుంచి వెళ్ళిపోయింది 2015లోనే. అట్లెటికో మహిళల జట్టు తమ పెద్ద స్టేడియం మెట్రోపొలిటానోలో బార్సిలోనాతో ఆడినప్పుడు 60,739 మంది వచ్చారు. అది 2019 మార్చి. అప్పటికి ఆమె లెవాంటేలో ఉంది. స్పెయిన్ మహిళా ప్లేయర్లకి కనీస జీతం ఇంత అని రాసిన మొదటి ఒప్పందం 2020 ఫిబ్రవరిలో కుదిరింది, అదీ ప్లేయర్లు సమ్మె చేశాక. ఏడాదికి 16,000 యూరోలు. ఆమె ఆట మానేసింది ఆ ఏడాదే. తర్వాతి తరానికి అందిన డబ్బు, జనం, టీవీ ఏవీ ఆమె తరానికి సమయానికి రాలేదు. వాటికోసం కొట్లాడింది మాత్రం వాళ్ళే. ఆ మాట గట్టిగా చెప్పాలి.

[తెర మీద: అండర్-19 యూరో, 2023, 2024]

ఆట మానేశాక సోనియా ఫెడరేషన్ యువ జట్ల దారి పట్టింది. 2023లో ఆమె కోచింగ్‌లో అండర్-19 జట్టు యూరోపియన్ ఛాంపియన్ అయింది. ఫైనల్లో జర్మనీతో గోల్ లేని డ్రా, పెనాల్టీ షూటౌట్‌లో గెలుపు. 2024లో మళ్ళీ అదే టైటిల్, ఈసారి నెదర్లాండ్స్ మీద 2-1తో. అదే ఏడాది కొలంబియాలో జరిగిన అండర్-20 ప్రపంచకప్‌లో మాత్రం క్వార్టర్ ఫైనల్లో ఎక్స్‌ట్రా టైమ్‌దాకా పోరాడి జపాన్ చేతిలో ఓడిపోయింది. ఆ తర్వాత అండర్-23 బాధ్యతలు.

ఇక సీనియర్ జట్టు సంగతి. 2015లో కెరెదా తర్వాత హోర్హె విల్దా వచ్చాడు. 2022 సెప్టెంబర్‌లో 15 మంది ప్లేయర్లు జట్టులో వాతావరణం మా మానసిక ఆరోగ్యాన్ని దెబ్బతీస్తోందని, అది మారేదాకా మమ్మల్ని పిలవొద్దని ఫెడరేషన్‌కి ఈమెయిళ్ళు పంపారు. ఏడాది తిరక్కుండానే, 2023 ఆగస్టులో సిడ్నీలో స్పెయిన్ ప్రపంచ ఛాంపియన్ అయింది. పతకాల వేదిక మీదే ఫెడరేషన్ అధ్యక్షుడు రుబియాలెస్, జెన్ని ఎర్మోసోకి ఆమె ఒప్పుకోకుండా ముద్దు పెట్టాడు. 2025లో కోర్టు దాన్ని లైంగిక దాడిగా తేల్చి జరిమానా వేసింది. విల్దాని తీసేసి, అతని సహాయకురాలు మోంట్సె తోమెని కోచ్‌ని చేశారు. ఆ పదవిలోకి వచ్చిన మొదటి మహిళ ఆమే.

తోమె ఫలితాలు తీసిపారేసేవి కావు. 2024లో యూరప్ జాతీయ జట్ల పోటీ నేషన్స్ లీగ్ గెలిపించింది. పారిస్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. 2025 యూరో ఫైనల్లో ఇంగ్లండ్‌తో 1-1, షూటౌట్‌లో ఓటమి. అయినా కాంట్రాక్ట్ పొడిగించలేదు. పాత బృందంలోంచి వచ్చిన మనిషి కావడంతో, మొదటి రోజు నుంచీ ఆమెకీ కొందరు ప్లేయర్లకీ మధ్య నమ్మకం పూర్తిగా కుదరలేదని నాకనిపిస్తుంది. 2025 యూరోకి జెన్ని ఎర్మోసోని తీసుకోలేదు. డిఫెండర్ మాపి లియోన్ అయితే 2022 ఈమెయిళ్ళ నుంచి జట్టుకి దూరంగానే ఉండిపోయింది.

[తెర మీద: 2025 అక్టోబర్, సోనియా మొదటి జట్టు జాబితా]

సోనియా ప్రకటించిన మొదటి జాబితాలో ఈ రెండు పేర్లూ ఉన్నాయి.

ఆమె కోచింగ్ గురించి నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే. ఇద్దరూ ముప్పై దాటినవాళ్ళు. మాపి మూడేళ్ళుగా దేశానికి ఆడలేదు. కొత్త కోచ్ భవిష్యత్తు పేరు చెప్పి వాళ్ళని సులువుగా పక్కన పెట్టేయొచ్చు, ఎవరూ తప్పు పట్టేవారు కాదు. సోనియా ఆ పని చేయలేదు. జెన్ని, అలెక్సియా, ఇరేనే పరేదెస్ ముగ్గురూ 2015లో ఆమెతో కలిసి కెనడాలో ఆడి, ఆ ప్రకటన ఇచ్చినవాళ్ళే. అలెక్సియా బార్సిలోనాలోనూ ఆమె సహచరి. ప్లేయర్ నోరు విప్పితే ఏం పోగొట్టుకోవాల్సి వస్తుందో తెలిసిన మనిషి జట్టుని ఎంపిక చేస్తోంది. అలా తెలిసిన మనిషి ఆ జట్టుకి ఎప్పుడో దొరకాల్సింది.

[తెర మీద: నేషన్స్ లీగ్ స్కోర్లు ఒక్కొక్కటిగా]

ఇప్పుడు మైదానంలోకి వద్దాం. నేషన్స్ లీగ్ సెమీస్‌లో స్వీడన్ మీద సొంతగడ్డ మలగాలో 4-0, స్వీడన్ వెళ్ళి 1-0. ఫైనల్ జర్మనీతో రెండు మ్యాచ్‌లు. కైజర్‌స్లౌటర్న్‌లో మొదటి మ్యాచ్ 0-0. నిజం చెప్పాలంటే ఆ రోజు బాగా ఆడింది జర్మనీ. స్పెయిన్ గోల్‌కీపర్ కాటా కోల్ లేకపోతే కథ వేరేగా ఉండేది.

ఆ తర్వాత రెండో మ్యాచ్‌కి సిద్ధమవుతూ, ప్రాక్టీస్‌లో ఐతానా బొన్మతీ కాలి ఎముక విరిగింది. ప్రపంచ ఉత్తమ ప్లేయర్‌కిచ్చే బాలన్ డి ఓర్ అవార్డుని మూడుసార్లు గెలిచిన ప్లేయర్ ఫైనల్‌కి ముందు దూరమైతే ఏ కోచ్‌కైనా టెన్షనే. డిసెంబర్ 2న, మాడ్రిడ్ మెట్రోపొలిటానోలో 55 వేల మందికి పైగా ప్రేక్షకుల ముందు, స్పెయిన్ సెకండాఫ్‌లో మూడు గోల్స్ కొట్టింది. క్లాడియా పీనా రెండు, 19 ఏళ్ళ వికీ లోపెజ్ ఒకటి. 3-0. కోచ్‌గా వచ్చిన నాలుగు నెలల్లోపే సోనియాకి సీనియర్ టైటిల్.

కష్టమైన పని ఇంకా ముందుంది. 2027 ప్రపంచకప్ బ్రెజిల్‌లో, సోనియా కాంట్రాక్ట్ కూడా ఆ ఏడాదిదాకానే. ఆ టోర్నీ ముగిసేనాటికి జెన్నికి 37 ఏళ్ళు, పరేదెస్‌కి 36. అలెక్సియాకి 33. మరోవైపు అండర్-19లో ఆమే ఛాంపియన్లను చేసిన అమ్మాయిలు తమ వంతు కోసం ఎదురుచూస్తున్నారు. ఏదో ఒక రోజు తన పాత సహచరుల్లో ఒకరిని పిలిచి, ఈసారి జాబితాలో నీ పేరు లేదని సోనియాయే చెప్పాల్సి రావచ్చు.