పిల్లలున్న ఇంట్లో కంప్యూటర్‌కి తాళం

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్న వాళ్ళకి వినపడుతోందా? సరే, మొదలుపెట్టేస్తా.

మా పాపకి నాలుగున్నరేళ్ళప్పుడు నా కంప్యూటర్ పిన్ తెలిసిపోయింది. అప్పటికి దానికి అంకెలు కూడా సరిగ్గా రావు, ఆరుకీ తొమ్మిదికీ తేడా తెలీదు. ఎలా తెరిచావే అని అడిగితే కీబోర్డు కుడిపక్క నంబర్ల మీద వేలు పెట్టి "పైన, కింద, మధ్యలో, మధ్యలో" అని చూపించింది. 8255. నాకు అది నంబరు, దానికి నా వేలు నడిచే దారి, రోజూ ఒళ్ళో కూర్చుని చూసింది మరి. ఆ రోజు అది చేసిన ఘనకార్యం ఏంటంటే ఫొటోల ఫోల్డర్ మొత్తాన్ని పట్టుకెళ్ళి ఇంకేదో ఫోల్డర్‌లో పడేసింది, డిలీట్ అయిపోయిందనుకుని సగం రోజు వెతుక్కున్నా.

అప్పుడు అర్థమైంది నాకు, పాస్‌వర్డ్ పొడుగ్గా ఉండాలి, కష్టంగా ఉండాలి అని మనం వినే సలహాలన్నీ ఎక్కడో కూర్చున్న దొంగ కోసం చెప్పినవని. నాలుగంకెల పిన్‌కి 10,000 రకాలుంటాయి, ఆ లెక్క దొంగకి. మన పిల్లలు లెక్కేం పెట్టరండీ, పక్కన కూర్చుని చూస్తారు, అంతే.

చూడటం కుదరకపోతే అడ్డదారి వెతుకుతారు, అదీ కొత్తేం కాదు. 1960ల మొదట్లో అమెరికాలో ఎంఐటీ అనే యూనివర్సిటీలో సీటీఎస్ఎస్ అని ఒక సిస్టమ్ ఉండేది, చాలామంది ఒకే కంప్యూటర్ పంచుకునేవాళ్ళు, ఎవరి ఫైళ్ళు వాళ్ళకి విడిగా ఉండాలని ఫెర్నాండో కోర్బాటో వాళ్ళ టీం పాస్‌వర్డ్‌లు పెట్టింది. 1962లో అలన్ షెర్ అనే పీహెచ్‌డీ స్టూడెంటు ఆ పాస్‌వర్డ్‌ల ఫైలు మొత్తం ప్రింట్ తీయించేసుకున్నాడు. ఎందుకంటే అతనికిచ్చిన టైం సరిపోలేదు, వేరేవాళ్ళ పాస్‌వర్డ్‌తోనైనా ఇంకాసేపు కంప్యూటర్ కావాలి! మనింట్లో రోజూ వినే మాటే కదా.

అందుకే నేను చెప్పేది ఒకటే, మీ పాస్‌వర్డ్ గట్టిగా చేసుకోవడం తర్వాత సంగతి, ముందు పిల్లలకి విడిగా ఒక అకౌంట్ చేసిపెట్టండి. విండోస్‌లో అయితే సెట్టింగ్స్‌లో అకౌంట్స్‌లోకి వెళ్తే కొత్త యూజర్‌ని కలిపే చోటు ఉంటుంది. అక్కడ స్టాండర్డ్ యూజర్ అని ఉండాలి, అడ్మినిస్ట్రేటర్ కాదు (అంటే కంప్యూటర్‌లో ఏదైనా మార్చగల పెద్ద అకౌంట్), ఇది మాత్రం రెండుసార్లు చూసుకోండి. కంప్యూటర్ కొన్నప్పుడు మొదట చేసిన అకౌంట్ అడ్మినిస్ట్రేటరే అవుతుంది, చాలా ఇళ్ళల్లో అందరూ దాన్నే వాడేస్తుంటారు, అదే అసలు తంటా. స్టాండర్డ్‌లో ఉంటే మీ డాక్యుమెంట్లు, ఫొటోలు వాళ్ళకి తెరుచుకోవు, సిస్టమ్ సెట్టింగ్స్ మార్చబోతే మీ పాస్‌వర్డ్ అడుగుతుంది.

ఇక మీ అకౌంట్ సంగతి. లేచి వెళ్ళేటప్పుడు విండోస్ కీ పట్టుకుని ఎల్ నొక్కండి, మ్యాక్ అయితే కంట్రోల్, కమాండ్, క్యూ కలిపి. ఫోన్ మోగిందని పరిగెత్తినప్పుడు ఇది గుర్తుండదు, నాకూ ఉండదు, అందుకని రెండు మూడు నిమిషాలు ముట్టుకోకపోతే దానంతటదే లాక్ అయ్యేలా పెట్టేశా.

వేలిముద్ర పెట్టుకున్నాం కదా అంటారు కొందరు, మధ్యాహ్నం మీరు నిద్రపోతున్నప్పుడు మీ వేలు ఎవరి చేతిలో ఉంటుందో చూసుకోండి. ఫోన్లలో ముఖం చూసి తెరుచుకునే ఫేస్ ఐడీ కూడా కవలలకీ, పోలికలు కలిసే అన్నదమ్ములకీ, 13 ఏళ్ళ లోపు పిల్లలకీ పొరపాటు పడే అవకాశం ఎక్కువని ఆపిల్ వాళ్ళే చెప్పుకున్నారు.

అన్నిటికన్నా నవ్వొచ్చేవి సెక్యూరిటీ ప్రశ్నలు. విండోస్‌లో లోకల్ అకౌంట్, అంటే ఆ ఒక్క కంప్యూటర్ వరకే ఉండే అకౌంట్, చేస్తే మూడు ప్రశ్నలకి జవాబులు ఇమ్మంటుంది, పాస్‌వర్డ్ మర్చిపోతే పనికొస్తాయని. అందులో ఒకటి మీ చిన్నప్పటి ముద్దుపేరేంటి అని! బయటివాడికి తెలీదేమో గానీ నాయనమ్మ ఇల్లంతా వినపడేలా పిలిచేది ఆ పేరుతోనే కదా. జవాబు నిజమే అయ్యుండాలని రూలేం లేదు, మీకు గుర్తుండే అబద్ధం ఏదైనా రాసేయండి.

ఇంకోటి, పిన్ వరసగా తప్పు కొడితే విండోస్ కాసేపటికి ఏ1బీ2సీ3 అని టైప్ చేయమంటుంది. కంగారు పడకండి, ఎవరూ హ్యాక్ చేయలేదు, మీ చిన్నోడు కీబోర్డు బాదాడని అర్థం. అది కొట్టేసి మీ పిన్ మళ్ళీ ఇవ్వడమే.

మా పాపకి అకౌంట్ చేసిచ్చిన రోజు పాస్‌వర్డ్ పెట్టుకోమంటే "నువ్వు అటు తిరుగు నాన్నా" అంది. తిరిగా. మర్నాటికి మర్చిపోయి ఏడుపు, నా అడ్మినిస్ట్రేటర్ అకౌంట్‌లోంచి మార్చి ఇచ్చా. నాది నేను మర్చిపోతే మార్చిచ్చే వాళ్ళు లేరు కాబట్టి కాగితం మీద రాసి బీరువాలో పెట్టా, డిస్క్ మొత్తానికి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంది కాబట్టి దాని రికవరీ కీ, అంటే ఆ తాళం తీసే పొడుగాటి నంబరు, కూడా దాంతోపాటే. ఎక్కడుందో మా ఆవిడకి తెలుసు, పాపకి తెలీదు... అనుకుంటున్నా. సరే, అడగాల్సినవి ఏవైనా ఉంటే అడగండి.