ముందు ఇటుకలు చూడండి

నమస్కారం. చలికాలంలో పిల్లల దగ్గరికని ఇంగ్లండ్ వెళ్ళొచ్చిన అమ్మానాన్నలకి ఈ సంగతి బాగా తెలుస్తుంది. హీటింగ్ ఆపిన కాసేపటికే ఇల్లు మళ్ళీ చల్లబడిపోతుంది. ఏ రక్షణా లేని ఇంట్లో వేడి దాదాపు మూడో వంతు గోడల్లోంచే పోతుంది, నాలుగో వంతు పైకప్పులోంచి. అందుకే అక్కడ గ్యాసు, కరెంటు అమ్మే పెద్ద కంపెనీలకి చట్టమే ఒక బాధ్యత పెట్టింది: అమ్మి ఊరుకుంటే చాలదు, ఇళ్ళలో వేడి నిలిచే ఏర్పాటు చేయించి కార్బన్ కూడా తగ్గించాలి అని. 2008లో దాన్ని సెర్ట్ అన్నారు, 2013 నుంచి ఈకో అన్నారు. ఖర్చు చివరికి అందరి బిల్లుల్లోనే పడేది, కాబట్టి ఫ్రీ అని చెప్పినా అది మన డబ్బే.

మా అక్క వాళ్ళింటి గోడ నింపిన రోజు నేనక్కడే ఉన్నాను. బయట ఒక వరస ఇటుక, లోపల ఒక వరస, మధ్యలో రెండు అంగుళాల ఖాళీ. సిమెంటు అతుకుల దగ్గర రూపాయి బిళ్ళంత బెజ్జాలు వేసి, వ్యాన్‌లోంచి లావుపాటి గొట్టం లాక్కొచ్చి, దూది పింజల్లాంటి ఉన్నిని ఆ ఖాళీలోకి ఊదారు, మూడు గంటల్లో బెజ్జాలు పూడ్చేసి వెళ్ళిపోయారు. ఆ రాత్రి అక్క ఇంట్లో స్వెట్టర్ తీసేసి తిరిగింది! నాకు ఎంత సంతోషమేసిందో.

కానీ అప్పట్లో కంపెనీకి లెక్క కార్బన్ టన్నుల్లో, మనకి లెక్క వెచ్చదనంలో. సెర్ట్ రోజుల్లో అడగని వాళ్ళక్కూడా పోస్టులో సీఎఫ్ఎల్ బల్బులు పంపి కార్బన్ తగ్గిందని రాసుకున్నారు, 2010 జనవరి నుంచి అది కుదరదన్నారు. ఇక 2025 అక్టోబర్‌లో అక్కడ ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే నేషనల్ ఆడిట్ ఆఫీస్ చెప్పింది వింటే బాధేస్తుంది: ఈ మధ్య పథకాల కింద గోడకి బయటి వైపు ఇన్సులేషన్, అంటే వేడి పోకుండా ఆపే పొర, వేసిన ఇళ్ళలో 98 శాతం సరిచేయాల్సినవేనట. తేమ చేరి నల్లగా బూజు పట్టిన గదిలో పసిపిల్లలు పడుకోవాలంటే ఎలా?

అందుకని ఒక్కటే చెప్తాను, గోడ నింపించే ముందు ఇటుకలు చూడండి. గోడంతా ఇటుకల పొడుగు వైపే కనబడితే మధ్యలో ఖాళీ ఉన్నట్టే అనుకోవచ్చు. పొడుగుది ఒకటి, పొట్టిది ఒకటి కలిసి కనబడితే అది సాధారణంగా గట్టి గోడ, ఊదడానికి లోపల చోటే ఉండదు. ఎదురుగాలికి వాన కొట్టే గోడైతే ఖాళీ ఉన్నా సరే, తేమ పరీక్ష చేశారా అని అడగాలి. ఈసారి పిల్లలు ఫోన్ చేసినప్పుడు ఇంటి గోడ ఫోటో ఒకటి పంపమనండి.