మూడుసార్లు ఏలీ దగ్గరికి పరుగెత్తిన పిల్లవాడు

ప్రభువునందు ప్రియులారా, అందరికీ వందనాలు.

యువతీ యువకులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "నాకు దేవుని పిలుపు ఉందో లేదో ఎలా తెలుస్తుంది?" అడిగేటప్పుడు చాలామందికి గొంతు వణుకుతుంది. తప్పుగా వింటానేమో, దేవుని చిత్తం చేజారిపోతుందేమో అన్న టెన్షన్ అది. ఆ భయం ఉన్నవాళ్ల కోసమే ఈ రోజు మొదటి సమూయేలు 3వ అధ్యాయం తెరిచాను.

మందిరంలో దీపం ఇంకా ఆరలేదు. ముసలి యాజకుడు ఏలీకి చూపు మందగించింది. దేవుని మందసం ఉన్న చోట పిల్లవాడు సమూయేలు పడుకున్నాడు. తన పేరు వినబడగానే, ఏలీయే పిలిచాడనుకుని లేచి ఆయన దగ్గరికి పరుగెత్తాడు. "నేను పిలవలేదు, పోయి పడుకో" అన్నాడు ఏలీ. ఇలా మూడుసార్లు జరిగింది. సమూయేలు మందిరంలోనే పెరిగాడు, యెహోవాకు పరిచర్య చేస్తూనే ఉన్నాడు. అయినా ఆ స్వరం ఎవరిదో పోల్చుకోలేకపోయాడు. అప్పటికి అతడు యెహోవాను ఎరగడని వాక్యమే చెబుతోంది. ఈ మాట చదివినప్పుడల్లా నాకెంతో ఊరట. మూడుసార్లు పొరబడ్డాడని దేవుడు అతన్ని కసరలేదు, వదిలేయలేదు. నాలుగోసారి వచ్చి, నిలబడి, మళ్లీ అదే పేరుతో పిలిచాడు.

ఆ స్వరం దేవునిదని గ్రహించింది ఏలీ. మళ్లీ పిలిస్తే ఏమని జవాబివ్వాలో పిల్లవాడికి నేర్పిందీ ఆయనే. సొంత కొడుకులను అదుపులో పెట్టలేకపోయిన యాజకుడు, కళ్లు సరిగా కనబడని మనిషి. అయినా పిల్లవాడి చెవికి అందనిది ఆయనకు అందింది. కాబట్టి పిలుపు సంగతి ఒంటరిగా తేల్చుకోవద్దని మిమ్మల్ని బతిమాలుతున్నాను. మిమ్మల్ని ఎరిగిన ఒక కాపరితోనో, ప్రార్థనాపరురాలైన ఒక పెద్దామెతోనో మాట్లాడండి. వాళ్లలో లోపాలు ఉంటాయి. ఉన్నా, వెళ్లండి.

ఇక లోపల కలిగే కదలికల సంగతి. 1521లో స్పెయిన్‌లోని పాంప్లోనా కోట దగ్గర ఫిరంగి గుండు తగిలి ఇగ్నేషియస్ లయోలా అనే సైనికుడి కాలు విరిగింది. తర్వాత జెస్యూట్ సభను స్థాపించింది ఈయనే. నెలల తరబడి మంచం మీదే. చదువుకోవడానికి వీరుల సాహస కథలు అడిగితే ఆ ఇంట్లో దొరకలేదు. క్రీస్తు జీవితం, పరిశుద్ధుల చరిత్రలు ఇచ్చారు. ఆయన గంటల కొద్దీ పగటికలలు కనేవాడు. ఒకసారి రాజసభలో తన వైభవం గురించి, ఒకసారి పరిశుద్ధుల్లా బతకడం గురించి. తలచుకుంటున్నంతసేపూ రెండూ తియ్యగానే ఉండేవి. తేడా తర్వాత తెలిసేది. మొదటి కల అయిపోయాక మనసు ఎండిపోయేది, రెండోది అయిపోయాక కూడా సంతోషం మిగిలేది. ఒకరోజు ఆ తేడా ఆయన కంటబడింది. ఆత్మల వివేచన గురించి, అంటే లోపలి కదలికల్లో ఏది దేవుని నుంచి వచ్చిందో గుర్తుపట్టడం గురించి, తర్వాత ఆయన నేర్పినదంతా ఆ మంచం మీదే మొదలైంది. ఆయన నేర్పిన ఒక నియమం మీలో ప్రతి ఒక్కరికీ కావాలి: మనసు చీకట్లో, కలతలో ఉన్నప్పుడు, నెమ్మదిగా ఉన్న రోజుల్లో చేసుకున్న నిర్ణయాన్ని మార్చవద్దు. పరీక్ష తప్పిన రాత్రి, ఎవరో మాట అన్న సాయంత్రం, జీవితాన్ని తిరగరాయకండి.

అందుకే రాత్రి పడుకునే ముందు రెండు వాక్యాలు రాసుకోమంటాను. ఈ రోజు ఏ పని తర్వాత నాలో నెమ్మది మిగిలింది? ఏ పని తర్వాత దేవుని నుంచి దూరమైనట్టు అనిపించింది? ఒక్క రోజులో ఏమీ తెలియదు. కొన్ని నెలల పేజీలు కలిపి చదివితే ఒక దారి కనబడుతుంది.

పిలుపు స్పష్టంగా వచ్చినా వేచి ఉండాల్సి రావచ్చు. 1946 సెప్టెంబరు 10న డార్జిలింగ్ వెళ్తున్న రైల్లో మదర్ తెరెసాకు, నిరుపేదల మధ్యకు వెళ్లమన్న పిలుపు అందింది. అప్పటికే ఆమె లొరెటో అనే కన్యాసభలో సన్యాసిని, టీచర్. మర్నాడే సంచి సర్దుకోలేదు. ఆర్చ్‌బిషప్ తొందరపడకుండా పరీక్షించారు, ఆమె విధేయతతో వేచి ఉంది. అనుమతి వచ్చి కాన్వెంటు విడిచేసరికి 1948 ఆగస్టు. దేవుని పిలుపైతే పరీక్షకు నిలుస్తుంది. "ఎవరినీ అడగొద్దు, ఇప్పుడే దూకెయ్" అని లోపల ఏదైనా తరుముతుంటే, నేనైతే ఆగుతాను.

పిలుపు అంటే పూర్తికాల సేవ ఒక్కటే అనుకునేవాళ్లకు ఒక మాట. చెప్పులు కుట్టేవాడు, కమ్మరి, రైతు, ఎవరి పని వారిదే అయినా అందరూ సమానంగా యాజకులేనని సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ 1520లోనే రాశాడు. మీ పిలుపు తరగతి గదిలో ఉండొచ్చు, మంచాన పడ్డ తల్లి పక్కన ఉండొచ్చు.

మళ్లీ సమూయేలు దగ్గరికి వస్తాను. ఆ రాత్రి అతడు విన్న మొదటి సందేశమే ఏలీ ఇంటి మీద తీర్పు. తనను పెంచిన మనిషికి అది చెప్పడానికి భయపడ్డాడు. తెల్లవారే వరకు పడుకుని, లేచి, మందిరపు తలుపులు తీశాడని రాసి ఉంది. దేవుడు మాట్లాడిన మర్నాటి ఉదయం అతడు చేసిన మొదటి పని అది, తలుపులు తీయడం.

ఇప్పుడు పది నిమిషాలు మౌనంగా కూర్చుందాం. ఫోన్లు ఆపేయండి. మొదట్లో చేయాల్సిన పనులే గుర్తొస్తాయి. వాటితో పోట్లాడకండి, పోనివ్వండి. ఏలీ నేర్పిన మాట ఒక్కసారి మెల్లగా పలికి, ఆపైన ఏమీ అడగకుండా ఉండండి.

"నీ దాసుడు ఆలకించుచున్నాడు, ఆజ్ఞయిమ్ము."