తొమ్మిది తెల్లవారుజాములు

శ్రోతలకు నమస్కారం.

మనకు ధనుర్మాసం చాలా ఏళ్ళలో డిసెంబర్ 16న మొదలవుతుంది. తెల్లవారకముందే లేచి, చలిలో తిరుప్పావైకి గుడికి వెళ్ళడం, దోసిట్లో వేడి వేడి పొంగలి అందుకోవడం మన ఊళ్ళకు కొత్త కాదు. ఫిలిప్పీన్స్‌లోనూ ఆ రోజే, ఆ చీకట్లోనే చర్చి గంటలు మోగుతాయి. 2020 జనాభా లెక్కల ప్రకారం ఆ దేశంలో 78.8 శాతం మంది రోమన్ కథోలికులు. డిసెంబర్ 16 నుంచి 24 దాకా తొమ్మిది రోజులు తెల్లవారుజామున జరిగే ఆ దివ్యపూజలను వాళ్ళు సింబాంగ్ గబి అంటారు. స్పెయిన్ పాలనాకాలంలో రైతులు పొలం పనికి వెళ్ళేముందే పూజకు వచ్చేలా ఈ వేళ పెట్టారు.

ఈ తొమ్మిది రోజులూ అందరికీ పండుగే. లా విద్యార్థికి మాత్రం నిద్రతో లెక్క కుదరదు.

అక్కడ లా చదవాలంటే ముందు ఒక డిగ్రీ ఉండాలి. ఆపైన జూరిస్ డాక్టర్ కోర్సు మామూలుగా నాలుగేళ్ళు. పగలు ఉద్యోగం చేసి సాయంత్రం క్లాసుకు వచ్చేవాళ్ళు చాలామంది. చట్టగ్రంథాల పద్ధతి స్పెయిన్ నుంచి, న్యాయమూర్తుల తీర్పులను ప్రమాణంగా తీసుకునే పద్ధతి అమెరికా నుంచి వచ్చాయి కాబట్టి రెండూ చదవాల్సిందే. క్లాసులో రెసిటేషన్ ఉంటుంది. ప్రొఫెసరు విద్యార్థుల పేర్లున్న కార్డులు కలిపి ఒకటి తీస్తారు. పేరు వచ్చినవాళ్ళు నిలబడి కేసులో జరిగిందేమిటి, తేల్చాల్సిన ప్రశ్న ఏమిటి, కోర్టు ఏమంది, ఎందుకంది అన్నది వరసగా చెప్పాలి. కింది ప్రశ్నకు జవాబు తెలిస్తే పై ప్రశ్న వస్తుంది. తెలియనిదాకా ఆగదు.

క్లాసు రాత్రి తొమ్మిదికి ముగిసిందనుకోండి. మనీలాలో డిసెంబర్ ట్రాఫిక్ దాటుకుని, జీప్నీ అనే షేర్ బండి మారి ఇల్లు చేరేసరికి పదిన్నర, పదకొండు. నాలుగింటి పూజకు మూడున్నరకల్లా లేవాలి. అంటే నాలుగున్నర గంటల నిద్ర. మొదటి రెండు రోజులు ఉత్సాహమే నడిపిస్తుంది. దెబ్బ తగిలేది నాలుగో రోజో, ఐదో రోజో. పూజ అయ్యి ఐదింటికి ఇంటికొచ్చి, "ఒక్క గంట" అని మళ్ళీ పడుకుంటే గాఢనిద్రలో పడి ఆఫీసు తప్పుతుంది, లేదా తల బరువెక్కి పగలంతా పాడవుతుంది. అందుకే అనుభవమున్నవాళ్ళు పూజ తరువాత పడుకోరు. ఐదు నుంచి ఏడు వరకు ఇల్లు నిశ్శబ్దంగా ఉండే ఆ రెండు గంటల్లో ఆ సాయంత్రం కేసులు చదువుతారు. నిద్ర బాకీ ఆదివారం మధ్యాహ్నం తీర్చుకుంటారు. క్లాసులు లేనివాళ్ళకు మరో దారి ఉంది. డిసెంబర్ 15 నుంచి 23 దాకా సాయంత్రం వేళ కూడా ఈ పూజలు చాలా చర్చిల్లో జరుగుతాయి.

తొమ్మిదీ తప్పకుండా హాజరైతే కోరిన కోరిక నెరవేరుతుందని జనం నమ్మకం. అది చర్చి సిద్ధాంతం కాదు, ఒకరోజు తప్పితే పాపమూ కాదు. అయినా లా విద్యార్థి కోరిక ఏమిటో ఎవరినీ అడగనక్కర్లేదు. లాయరుగా పనిచేయాలంటే పాసవ్వాల్సిన, సుప్రీంకోర్టు నిర్వహించే బార్ పరీక్షలో గట్టెక్కడం. మొత్తం మీద 75 శాతం రావాలి, ఏ ఒక్క సబ్జెక్టులోనూ 50కి తగ్గకూడదు. 2023లో ఫలితాలు డిసెంబర్ 5న వచ్చాయి. 10,387 మంది రాస్తే 3,812 మంది గట్టెక్కారు. ఆ ఇళ్ళలో ఆ ఏడు క్రిస్మస్ ఎలా గడిచి ఉంటుందో ఆ రెండు అంకెలే చెబుతాయి. పరీక్షకు ముందు క్వెజోన్ సిటీలోని సాంతా క్లారా మఠానికి కోడిగుడ్లు సమర్పించేవాళ్ళు ఎందరో. స్పానిష్‌లో క్లారా అంటే గుడ్డు తెల్లసొన, స్పష్టమైనది అని కూడా. ఆకాశం నిర్మలంగా ఉండాలని పెళ్ళివాళ్ళు, బుర్ర నిర్మలంగా ఉండాలని పరీక్ష రాసేవాళ్ళు అక్కడికే వెళతారు.

పూజ ముగిసి చర్చి బయటికి రాగానే ఆవిరి వాసన. పుటో బుంబోంగ్ అనే ఊదారంగు పిండివంట మన పిట్టుకు దగ్గరి చుట్టం. బుంబోంగ్ అంటే వెదురు గొట్టం, మన అరకు వైపు బొంగు గుర్తుకొస్తుంది. జిగురు బియ్యాన్ని నానబెట్టి, రుబ్బి, నీరంతా వడగట్టి, పొడిపొడిగా చేసి గొట్టంలో నింపి ఆవిరి మీద పెడతారు. పిండిని పిడికిట్లో బిగిస్తే ముద్ద కావాలి, వేలితో నొక్కితే విడిపోవాలి. తడి ఎక్కువైతే ఆవిరి పైకి రాక లోపల పచ్చిగా మిగులుతుంది. గొట్టంలో కూరినా అంతే, వదులుగా పోయాలి. పైన వెన్న, కొబ్బరి కోరు, నల్ల చక్కెర. పక్కనే బిబింకా. అరిటాకు పరిచిన మట్టిపాత్రలో బియ్యప్పిండి, కొబ్బరిపాల పిండి పోసి కింద బొగ్గులు, మూత మీద బొగ్గులు పెట్టి కాలుస్తారు.

పండుగ ఖర్చుకు డబ్బు వచ్చేదీ చట్టం వల్లే. 1975లో, అదీ డిసెంబర్ 16నే, ప్రెసిడెన్షియల్ డిక్రీ 851 అనే అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చింది. దాని ప్రకారం కనీసం ఒక నెల పనిచేసిన, మేనేజర్ స్థాయి కాని ఉద్యోగికి పదమూడో నెల జీతం డిసెంబర్ 24లోపు ఇవ్వాలి. ఆ ఏడాదిలో అందుకున్న మూల జీతం మొత్తాన్ని పన్నెండుతో భాగించాలి. నెలకు 20,000 పెసోల చొప్పున తొమ్మిది నెలలు పనిచేస్తే 1,80,000 అయింది, పన్నెండో వంతు 15,000. ఓవర్‌టైమ్, అలవెన్సులు కలపరు. "నాకు తక్కువిచ్చారు" అనే మాట చాలాసార్లు అక్కడే పుడుతుంది. ఇంటి పనివాళ్ళకు కూడా 2013 చట్టం ఈ హక్కు ఇచ్చింది. ఈ సంగతి తెలియని ఇళ్ళు ఇంకా ఉంటాయి. లా చదివే పిల్ల ఉన్న ఇంట్లో మాత్రం ఇది తెలియకపోవడం తప్పు.

ఇక బంధువులు. లా చదివే పిల్లను మొదటి ఏడాది నుంచే "అటర్నీ", అంటే లాయరు అని పిలవడం మొదలుపెడతారు. 24 అర్ధరాత్రి పూజ తరువాత నోచే బ్యుయేనా విందు ఉంటుంది. హామ్, ఎర్ర మైనపు పూతలో ఉండే గుండ్రటి చీజు, తియ్యటి స్పగెట్టి. పెద్దల చేతిని నుదుటికి తాకించుకుని దీవెన తీసుకున్నాక, ఎవరో ఒకరు తాతగారి భూమి సంగతి ఎత్తుతారు. గల్ఫ్‌లోనో సింగపూర్‌లోనో ఉండే తమ్ముడు అప్పుడే ఇంటికి వస్తాడు కాబట్టి వారసులందరూ ఒకచోట ఉండేది ఆ వారమే.

విద్యార్థి సొంతంగా సలహా ఇవ్వకూడదు, కాగితం రాసి ఇవ్వకూడదు. విద్యార్థులు లాయరు పని చేయడానికి వీలిచ్చే సుప్రీంకోర్టు నియమం 138-ఎ కింద అనుమతి పొందినవాళ్ళు కూడా పర్యవేక్షించే లాయరు కిందే పనిచేయాలి. ఆమె చేయగలిగినది కాగితాలు పోగుచేసి సరిచూడటం. మరణ ధృవపత్రం, భూమి టైటిల్, పన్ను డిక్లరేషన్, ప్రతి వారసుడి జనన పత్రం. వీలునామా, అప్పులు లేకపోతే కోర్టుకు వెళ్ళకుండా పంచుకోవచ్చు. ఒప్పందం మీద అందరూ నోటరీ ముందు సంతకం చేయాలి, వార్తాపత్రికలో వారానికి ఒకసారి చొప్పున వరసగా మూడు వారాలు ప్రకటించాలి. 2018 నుంచి వారసత్వ పన్ను 6 శాతం, మరణించిన ఏడాదిలోపు రిటర్ను వేయాలి. మినహాయింపులు పోను పన్ను ఏమీ రాకపోయినా టైటిల్ ఉన్న భూమికి రిటర్ను తప్పదు. పన్ను శాఖ ఇచ్చే ధృవపత్రం లేకుండా రిజిస్ట్రీలో పేరు మారదు.

ఇవి చెడేది ఎక్కువగా ఒకే కారణం వల్ల. ఎవరో ఒక వారసుణ్ణి వదిలేస్తారు. పెళ్ళి బయట పుట్టిన బిడ్డ సంగతి పండుగ పూట ఎత్తడం ఎవరికీ ఇష్టం ఉండదు. కానీ ఆ బిడ్డకూ చట్టం వాటా ఇస్తుంది, పెళ్ళిలో పుట్టిన బిడ్డ వాటాలో సగం. ఒప్పందంలో పాల్గొనని, కబురు అందని వారసుణ్ణి ఆ ఒప్పందం కట్టిపడేయదు. సగం నిజంతో చేసిన పంపకం తరువాతి తరం మెడకు చుట్టుకుంటుంది. అమ్మమ్మ ముందు ఈ మాట నెమ్మదిగా, అందరూ తిన్నాక చెప్పడం ఆ పిల్లకు ఏ రెసిటేషన్ కన్నా కష్టమైన పని.

రాలేకపోయిన తమ్ముడు అక్కడే పవర్ ఆఫ్ అటర్నీ రాసి, ఆ దేశంలో అపోస్టిల్ (పత్రం అసలుదేనని వేరే దేశాలకు ధృవీకరించే ముద్ర) ఇస్తే అది వేయించి గానీ, ఫిలిప్పీన్స్ కాన్సులేట్‌లో సంతకం చేసి గానీ పంపాలి. ఉత్త ఫోటో కాపీ పనికిరాదు. వచ్చినవాడైతే క్యాలెండర్ చూసుకోవాలి. 25 సెలవు, 30 వాళ్ళ జాతీయ వీరుడు రిసాల్ పేరిట సెలవు, 31 కూడా అంతే. నోటరీ దొరికేది 26 నుంచి 29 మధ్యే, అందులో శని, ఆదివారాలు పడితే ఇంకా తక్కువ. తిరుగు విమానం నెలాఖరుకు ఉంటే, మిగిలిన హామ్ ఫ్రిజ్‌లో పెట్టి 26 ఉదయమే అసలు గుర్తింపు కార్డులతో అందరూ బయల్దేరాలి.