గరిటె వెనుక గీత

శ్రోతలకు నమస్కారం.

గేదె ఈనిన ఇంటి నుంచి జున్నుపాలు వచ్చిన రోజు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. బెల్లం, యాలకులు, చిటికెడు మిరియాల పొడి కలిపి ఆవిరి మీద పెడితే చాలు, పాలు వాటంతటవే గట్టిపడతాయి. ఈనిన తొలి రోజుల పాలలో మాంసకృత్తులు మామూలు పాలలో కంటే చాలా ఎక్కువ. వేడి తగలగానే అవి ఒకదానినొకటి పట్టుకుంటాయి. జున్నుపాలు దొరకని ఇళ్ళలో మామూలు పాలలోనే కోడిగుడ్లు గిలకొట్టి, బెల్లం వేసి జున్ను చేసుకుంటారు. ఐరోపా వంటిళ్ళలో కొన్ని వందల ఏళ్ళుగా చేస్తున్న కస్టర్డ్ కూడా దాదాపు ఇదే. అందుకే అది నాకు పరాయి వంటకంలా ఎప్పుడూ అనిపించలేదు.

అసలైన కస్టర్డ్‌కి కావలసినవి పాలు, పంచదార, గుడ్డు పచ్చసొనలు. అర లీటరు పాలకు నాలుగు సొనలు సరిపోతాయి. సొనలను పంచదారతో బాగా గిలకొట్టి, వేడి పాలను సన్నని ధారగా పోస్తూ కలపాలి. తరువాత సన్నని సెగ మీద తిప్పుతూనే ఉండాలి. సుమారు 80 డిగ్రీల దగ్గర అది చిక్కబడుతుంది. ఇంకొంచెం వేడెక్కితే సొనలోని మాంసకృత్తులు గట్టిగా ముడుచుకుపోయి, పాలలో గుడ్డు పలుకులు తేలతాయి. చిక్కబడటానికీ విరగడానికీ మధ్య ఉన్నది కొద్ది డిగ్రీలే. నా మొదటి కస్టర్డ్ అలాగే విరిగింది. వంటింట్లో ఉష్ణమాపకం లేని వాళ్ళకు పాత గుర్తు ఒకటి ఉంది. గరిటెను ముంచి తీసి, దాని వెనుక వేలితో గీత గీయాలి. గీత చెదరకుండా నిలిస్తే ఆ క్షణమే పొయ్యి మీద నుంచి దించాలి. అప్పుడు వచ్చే ఆ పట్టులాంటి నునుపు ఏ కస్టర్డ్ పొడితోనూ రాదు.

అలాగని పొడిని నకిలీ అంటే నేను ఒప్పుకోను. దాని పుట్టుక తెలిస్తే మీరూ ఒప్పుకోరు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే రసాయన నిపుణుడు ఉండేవారు. ఆయన భార్య ఎలిజబెత్‌కు గుడ్డు పడదు. ఆమె కూడా తినగలిగే కస్టర్డ్ కోసం 1837లో ఆయన గుడ్డుకు బదులు మొక్కజొన్న పిండిపదార్థంతో పొడి తయారుచేశారు. ఆమెకు ఈస్టు కూడా పడకపోవడంతో, ఆ తరువాత ఈస్టు అక్కర్లేని బేకింగ్ పౌడరు మీద కూడా ఆయన పనిచేశారు. ఇంట్లో ఒక్క మనిషి పంక్తిలో వేరుపడకూడదన్న తపన నుంచి వచ్చిన పొడి అది. మన దేశంలో గుడ్డు ముట్టని లక్షల ఇళ్ళలోకి కస్టర్డ్ రాగలిగింది కూడా ఆ గుణం వల్లే. పెళ్ళి విందుల్లో అరటి, దానిమ్మ, ద్రాక్ష ముక్కలతో చల్లగా వడ్డించే ఫ్రూట్ కస్టర్డ్‌కు మూలం బర్మింగ్‌హామ్‌లోని ఆ ఇల్లే.

పొడి పనిచేసే తీరు మన గంజిదే. వేడి నీటిలో పిండి రేణువులు ఉబ్బి, నీటిని పట్టుకుంటాయి. అందుకే ఇది మరిగినా విరగదు, పైగా రెండు నిమిషాలు మరిగితేనే పచ్చి వాసన పోతుంది. అర లీటరు పాలకు రెండు పెద్ద చెంచాల పొడి చాలు. ముందుగా దాన్ని చల్లని పాలలోనే కలపాలి. వేడి పాలలో నేరుగా వేస్తే పైపొర ఉడికి, లోపల పొడి పొడిగానే ఉండలు కడుతుంది. కస్టర్డ్ పూర్తిగా చల్లారాకే పండ్లు వేయండి. ఉడికించని అనాస మాత్రం వద్దు. దానిలోని ఎంజైము పాల మాంసకృత్తులను విడగొట్టి చేదు తెస్తుంది.

ఈ పిండి రేణువులకు తినడంతో సంబంధంలేని గుణాలూ ఉన్నాయి. 1981లో ఇంగ్లండులోని బాన్‌బరీలో కస్టర్డ్ పొడి తయారుచేసే కర్మాగారంలో గాలిలోకి లేచిన పొడి అంటుకుని పేలింది. తొమ్మిది మంది కార్మికులు గాయపడ్డారు. గిన్నెలో మెత్తగా కూర్చున్న పిండే గాలిలో దుమ్ముగా పరచుకుంటే, ప్రతి రేణువు చుట్టూ గాలి ఉండి క్షణంలో మండుతుంది. పిండిమరల దగ్గర నిప్పు వద్దనడానికి కారణం ఇదే.

ఇక సరదాకు వస్తే, ఇంగ్లండులోని కెంట్‌లో కాక్స్‌హీత్ అనే ఊళ్ళో 1967లో కస్టర్డ్ ‘పై’ అనే పిండివంటను విసిరే పోటీలు మొదలయ్యాయి. జట్లుగా నిలబడి ఎదుటివారి ముఖాలకు గురిపెడతారు. ఆహారాన్ని విసరడం నా మనసుకు పట్టదు కానీ, ఇంకో ఆట మాత్రం ప్రతి ఇంట్లో ఆడించాలని కోరుకుంటాను. పచ్చి కస్టర్డ్ పొడిని కొద్ది నీటితో చిక్కగా కలిపితే, మెల్లగా వంచినప్పుడు పాలలా జారుతుంది. గట్టిగా కొడితే రాయిలా బిగుస్తుంది. ఒత్తిడికి రేణువులు ఒకదానికొకటి ఒరుసుకుని, కదిలే చోటు లేకుండా ఇరుక్కుంటాయి. ఇలాంటి మిశ్రమం తొట్టె నిండా ఉంటే దాని మీద మనిషి పరుగెత్తవచ్చు. ఆగి నిలబడితే మునిగిపోతాడు.

తొట్టె అక్కర్లేదు. ఈసారి కస్టర్డ్ చేసేటప్పుడు చిన్న గిన్నెలో రెండు చెంచాల పొడి, ఒక చెంచా నీళ్ళు కలిపి పిల్లల ముందు పెట్టండి. నెమ్మదిగా వేలు ముంచమనండి, తరువాత ఒక్కసారిగా గుద్దమనండి. వాళ్ళు తేరుకునేలోగా పొయ్యి మీద పాలు మరుగుతాయి.