టేబుల్ లిమిట్ దగ్గర నలుగురు చేతులు కలిపితే క్యాసినో ఎందుకు ఊరుకోదు

మస్తాన్: అందరికీ నమస్తే అండీ, నెల్లూరు నుంచి మస్తాన్, పక్కన పెంచలన్న ఉండాడు. అన్నా, కావలి నుంచి ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. నలుగురు ఫ్రెండ్స్ కలిసి గోవా క్యాసినోకి పోతారంట, రౌలెట్ టేబుల్ మీద, అదే, చక్రం తిప్పి గోళీ ఏ గడిలో పడుద్దో పందెం కాసే ఆట, దాంట్లో ఒకడి పందెం లిమిట్ దాటిందంటే మిగతాది పక్కనోడు పెడతాడంట, డబ్బులు మావే గదా వాళ్ళకేంది ఇబ్బంది అని అడుగుతుండాడు.

పెంచలయ్య: మంచి ప్రశ్న అడిగాడ్రా. టేబుల్ మీద చిన్న బోర్డు ఉంటది, మినిమం ఇంత, మాక్సిమం ఇంత అని. ఆ మాక్సిమం డబుల్ చేసుకుంటా పోయేవాళ్ళని ఆపడానికే పెట్టారని చానా మంది అనుకుంటారు. ఒక్కసారి గెలిస్తే పోయిందంతా తిరిగొస్తదని ఓడినప్పుడల్లా రెట్టింపు పెట్టడం, మార్టింగేల్ అంటారే, అది. 100తో మొదలుపెట్టి వరసగా ఏడుసార్లు ఓడావనుకో, 12,700 పోయింది, ఎనిమిదో పందెం 12,800 పెట్టాల. మాక్సిమం 10,000 అయితే అక్కడ ఆగిపోతావు.

మస్తాన్: అక్కడే గదన్నా ఈ తమ్ముడి ప్లాను! 10,000 వాడు, 2,800 ఫ్రెండు.

పెంచలయ్య: పెట్టుకోనీ. దానివల్ల చక్రం మారదు గదా. యూరోపియన్ చక్రంలో 37 గళ్ళు, ఎరుపు 18, నలుపు 18, సున్నా ఒకటి. ఆ సున్నా వల్లే ప్రతి పందెం మీద సగటున 2.7 శాతం క్యాసినోకి మిగులుద్ది, రెండు సున్నాలుండే అమెరికన్ చక్రంలో అయితే 5.26. ఒక్కడు పెట్టినా నలుగురు పెట్టినా అంతే. 1913 ఆగస్టు 18న మొనాకోలో ఉండే మాంటే కార్లో క్యాసినోలో వరసగా 26 సార్లు నలుపే పడింది. ఆ రోజు ఎవరైనా ఎరుపు మీద 100తో మొదలుపెట్టి రెట్టిస్తా పోయుంటే 27వ పందెం ఎంతో తెలుసా? 671 కోట్లు. లిమిట్ లేకపోయినా ఆ డబ్బు యాడ తెస్తారు?

మస్తాన్: అమ్మో. మరి క్యాసినోకి నష్టమే లేనప్పుడు అభ్యంతరం దేనికన్నా?

పెంచలయ్య: క్యాసినో వేలమంది పెట్టే పందేల మీద ఆ 2.7 శాతం ఏరుకుంటా బతుకుద్ది. పందేలు చెదిరి ఉన్నంతకాలం లెక్క తప్పదు, అంతా ఒకే చోట పడిందంటే ఆ ఒక్క స్పిన్ మీద దాని పని ఆధారపడుద్ది. ఒక్క నంబర్ మీద గెలిస్తే ఒకటికి 35 ఇవ్వాల, అంటే ఆ నంబర్‌కి మనిషికి 10,000 లిమిట్ ఉంటే ఎక్కువలో ఎక్కువ మూడున్నర లక్షలు, అదే నలుగురూ మాట్లాడుకుని ఒకే నంబర్ మీద పెడితే 14 లక్షలు. మన రొయ్యల మేత షాపులో చూడు, ఒక రైతుకి ఇంతే అరువు అని పెట్టుకుంటాడు, ఆ రైతు బావమరిది పేరు మీద, తమ్ముడి పేరు మీద కూడా తెచ్చి అదే చెరువులో వేశాడనుకో, రొయ్యలకి వైట్ స్పాట్ తెగులు వచ్చిందంటే ఆ అప్పులన్నీ ఒక్క రోజులోనే మునుగుతాయి. పేర్లు మూడు, చెరువు ఒకటే. అందుకే కొన్ని ఆటల్లో రౌండుకి టేబుల్ మొత్తం మీద ఇంతకి మించి చెల్లించం అని కూడా రాసి పెడతారు, అది దాటితే గెలిచినోళ్ళంతా పంచుకోవాల్సిందే.

మస్తాన్: అంటే రిస్కు ఒక్కటే కారణమా?

పెంచలయ్య: కాదు, అసలు భయం వేరే ఉంది. బ్లాక్‌జాక్ తీసుకో, 21 దాటకుండా దానికి దగ్గరగా ముక్కలు తెచ్చుకునే పేకాట. 2 నుంచి 6 దాకా చిన్న ముక్కలు ఎక్కువ వెళ్ళిపోయినాయంటే మిగిలిన షూలో, అంటే ముక్కలు తీసి పంచే పెట్టెలో, పదులు, బొమ్మలు, ఆసులు ఎక్కువుంటాయి, అప్పుడు ఆట ఆడేవాడి వైపు తిరుగుద్ది. లెక్క పెట్టుకునేవాడు అప్పటిదాకా మినిమం పెడతా, ఆ టైంలో ఒక్కసారిగా మాక్సిమంకి పోవాల. ఎదురుగా నిలబడ్డ పిట్ బాస్, అంటే టేబుల్స్ మీద నిఘా ఉంచే క్యాసినో మనిషి, చూసేది కూడా అదే, ఎవడు ఉన్నట్టుండి పందెం పెంచాడు అని.

మస్తాన్: దొరికిపోతాడు గదా.

పెంచలయ్య: అందుకని 1970ల్లో అమెరికాలో ఆల్ ఫ్రాన్సెస్కో అనే ఆయన టీం పెట్టాడు. ఒకడు టేబుల్ దగ్గర కూర్చుని రాత్రంతా మినిమమే పెడతాడు, లెక్క కడతాడు. షూ బాగుందనుకోగానే చెయ్యి మడిచో ఇంకెట్టో ఒక సైగ చేస్తాడు. అంతే, తిరుగుతా ఉన్న ఇంకొకడు వచ్చి కూర్చుని పెద్ద పందెం పెట్టి, షూ చెడిపోగానే లేచి పోతాడు. చిన్నోడు ఎప్పుడూ చిన్నదే, పెద్దోడు ఎప్పుడూ పెద్దదే, ఇద్దర్లో ఎవరూ పందెం మార్చినట్టు కనపడదు! ఎంత తెలివో చూడు, నాకు ఇప్పుడు చెప్తుంటే కూడా ఒళ్ళు జలదరిస్తది. ఆ దెబ్బకే చాలా టేబుల్స్‌లో షూ మధ్యలో వచ్చి చేరడం కుదరదనే రూల్ వచ్చింది.

మస్తాన్: అది మోసం కిందికి వస్తదా అన్నా?

పెంచలయ్య: బుర్రతో లెక్క పెట్టడం నేరం కాదు. అదే టీంలో ఆడిన కెన్ ఉస్టన్ కోర్టుకి పోతే 1982లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్ర సుప్రీంకోర్టు కార్డులు లెక్కపెట్టాడని క్యాసినోలు తమంతట తాము బయటికి పంపడానికి లేదంది. లాస్ వేగాస్ ఉండే నెవాడా రాష్ట్రంలో మాత్రం పంపించొచ్చు. స్పెయిన్‌లోని మాడ్రిడ్‌లో గొంజాలో గార్సియా-పెలాయో అనే ఆయన ఇంకో రకం, వాళ్ళ కుటుంబం వాళ్ళని కూర్చోబెట్టి చక్రం మీద ఏ నంబర్లు ఎక్కువ పడుతున్నాయో వేలకొద్దీ రాయించాడు. చక్రాల్లో సన్న లోపాలు ఉంటాయి గదా, అవి పట్టుకుని గెలిచారు, క్యాసినో రావద్దంది, కోర్టు ఆయన వైపే తీర్పు ఇచ్చింది. ఇట్టాంటివి చూసినాక క్యాసినోవాళ్ళకి ఒకటే అనుమానం, నలుగురు ఒక మాట మీద పందెం పెడుతుండారంటే వాళ్ళకి ఏదో తెలిసుంటది.

మస్తాన్: ఒకడు ఎరుపు, ఇంకొకడు నలుపు పెడితేనో? అది మరీ అమాయకంగా ఉంది గదా.

పెంచలయ్య: దానికి ఇంకా ఎక్కువ కన్నేస్తారు. ఒకడిది పోతే ఇంకొకడికి వస్తది, సున్నా పడితే తప్ప డబ్బు చేతులు మారుతుందే గానీ తగ్గదు. ఎక్కడిదో తెలీని నోట్లు ఇచ్చి చిప్స్, అంటే పందేనికి వాడే బిళ్ళలు, తీసుకుని, ఇట్ట రెండువైపులా ఆడి, గెలిచిన డబ్బు అని రసీదు పట్టుకుపోయే వాళ్ళుంటారు. ఎన్ని చిప్స్ పందేల్లో తిప్పితే దాన్నిబట్టి కమిషన్ ఇచ్చే చోట ఆ కమిషన్ కోసం కూడా ఆడతారు. పైన కెమెరా రూములో కూర్చున్నోడికి మీ కావలి ఫ్రెండ్‌షిప్ కనపడదు, ఒకే టైంలో ఎదురెదురుగా పడే పందేలు కనపడతాయి.

మస్తాన్: ఇదంతా ఇంట్లోనే ఆన్‌లైన్‌లో చేద్దామనుకునే వాళ్ళు కూడా ఉంటారు.

పెంచలయ్య: వద్దు, దాని జోలికే పోవద్దు. మన రాష్ట్రంలో 2020 నుంచే ఆన్‌లైన్ జూదం మీద నిషేధం ఉంది, 2025 ఆగస్టులో పార్లమెంటు దేశం మొత్తానికి డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలు కుదరవని చట్టం చేసింది. గోవా సంగతంటావా, అక్కడ లైసెన్సు ఉండే క్యాసినో చట్టప్రకారమే నడుస్తది, పోవాలంటే పోండి తమ్ముడూ, కాకపోతే నలుగురి డబ్బు ఒక సంచిలో వేసుకోవద్దు. ఆ 2,800 పెట్టే ఫ్రెండు వడ్డీకి తెచ్చుంటే ఎట్ట? ఎవరి డబ్బు వాళ్ళ జేబులో, ఎవరి పందెం వాళ్ళది. అదొక్కటి చెప్పు మస్తానూ వాడికి.