బుంగ పడ్డ ఆనకట్ట

(స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుల ముందు చేసిన ప్రసంగం)

మేస్టర్లకీ, టీచరమ్మలకీ నమస్కారమండి.

టీఎల్ఎం గురించి, అంటే పాఠం చెప్పడానికి వాడే బోధనోపకరణాల గురించి, పది నిమిషాలు మాట్లాడమన్నారు. ముందు నా తప్పొకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట సైన్స్ ఫెయిర్‌కి ధవళేశ్వరం బ్యారేజీ నమూనా పట్టుకెళ్లాం. థర్మాకోల్, నీలం రంగు, వరసగా గేట్లు, చిన్న బల్బులు కూడాను. అందరూ మెచ్చుకున్నారు. ఒక పెద్దాయన మాత్రం మా ఐదో తరగతి పిల్లాణ్ణి, "నీళ్లు ఎటు నుంచి ఎటు పోతాయిరా?" అని అడిగారు. వాడు నా మొహంకేసి చూశాడు. నేను వాళ్ల నాన్న మొహంకేసి చూశాను. రాత్రి పదకొండింటి దాకా కూర్చుని దాన్ని అతికించింది మేమిద్దరమే మరి. పిల్లాడు అప్పటికే నిద్రపోయాడు.

మరుసటేడు థర్మాకోల్ కొనలేదు. బడి వెనక బోదె పక్కన ఇసక పోయించి "కట్టండ్రా" అన్నాను. కాటన్ దొర ఆనకట్టని 1847లో మొదలెట్టి 1852కి పూర్తి చేయించాడని పాఠం ఎన్నిసార్లు చదివించానో! ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని అది నాలుగు ముక్కలన్న సంగతి మాత్రం ఎవడికీ పట్టలేదు. మట్టి చేతిలోకొచ్చాక, "అంత పొడుగు గోడెందుకు మేస్టారూ, లంక నుంచి లంకకి కడితే సరిపోద్దిగా" అని వాళ్లే అన్నారు.

కట్టారు. రెండు బకెట్ల నీళ్లు పోశారు. గోడ నిలబడింది, పైనుంచి చుక్క పొర్లలేదు. అవతల వైపు మాత్రం ఇసక తడిసి, ఒకచోట బుడబుడమంది. చూస్తుండగానే గోడ కింద వేలు పట్టేంత కన్నం. "బుంగ పడింది!" అని ఒక పిల్ల అరిచింది. వాళ్ల నాన్న వరద రోజుల్లో ఏటిగట్టు కాపలాకి వెళ్తాడు, ఆ మాట ఆ ఇంట్లోది. నేను జవాబు చెప్పబోయి నాలిక కరుచుకున్నాను. వాళ్లే బంకమన్ను తెచ్చారు, గోడ అడుగు వెడల్పు చేశారు, వెనకాల ఇటికముక్కలు పరిచారు. నాలుగుసార్లు తెగింది. మూడు పీరియడ్లు పోయాయి, ఆ వారం తెలుగు పద్యం వెనకబడింది, దాచను.

గోదావరి అడుగున ఉన్నదీ ఇసకేననీ, ఇసకలో పునాది ఎలా నిలపాలో కాటన్ కావేరి మీది పాత ఆనకట్ట కల్లణైని చూసి నేర్చుకున్నాడనీ ఆ తర్వాత చెప్పాను. ముందే చెప్పుంటే ఆవలించేవాళ్లు.

లెక్కలకీ ఏరే చాలండి. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75. వరదొస్తే ప్రతి ఇంట్లో టీవీ చెప్పే అంకెలే. దశాంశాలు అక్కణ్ణించి మొదలెట్టండి. ఒక కుర్రాడు 11.8 కంటే 11.75 పెద్దదన్నాడు. ఎనిమిది కంటే డెబ్బై అయిదు పెద్దది కదా, వాడి లెక్క వాడిది! వెదురు కర్ర మీద అడుగుని పది భాగాలు చేసి గీతలు పెట్టమన్నాను. ఏడో గీతకీ ఎనిమిదో గీతకీ మధ్యలో వేలు పెట్టి, కాసేపు అలాగే ఉండి, చెరిపి రాసుకున్నాడు.

ఖర్చంటారా? పదేసి కొబ్బరి ఈనెలు కట్ట కడితే స్థానవిలువలు, గుప్పెడు చింతగింజలుంటే భాగహారం. కోనసీమలో కొబ్బరాకుకి కరువేముందండీ, ఆయ్! గోడల మీద చార్టులుంటే తనిఖీకొచ్చిన వాళ్లకి బాగుంటుంది, కాదనను. మీ బడిలో ఆ చార్టుల మీద చేతిరాత ఎవరిదో మాత్రం ఒకసారి చూసుకోండి.

కిందటిసారి ఫెయిర్‌కి తొట్టెలో ఇసక పోసి తీసుకెళ్లాం. ప్రైజు రాలేదు. అతిథుల ముందే మా ఆనకట్ట తెగి బల్లంతా బురదయింది. తుడవబోతుంటే మా పిల్ల నా చెయ్యి పట్టుకుంది. "ఉండండి మేస్టారూ, బుంగ ఎక్కడ పడిందో చూడాలి" అని బల్ల మీదికి వంగి, గడ్డం తొట్టె అంచుకి ఆనించి వెతుకుతోంది.